ఐసు ఫ్యాక్టరీ చుట్టూ ఒక్క రౌండు

ఐసు ఫ్యాక్టరీ రోడ్డు పేరెత్తితే చాలు — ఆ ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. ఒకాయనకి ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని అనుమానం. ఇంకొకాయనకి ఉన్నట్టుండి మోకాలు పట్టేస్తుంది. చీకటి పడ్డాక అటు వెళ్దామా అంటే, "మీరు పదండి, వెనకాలే వస్తాను" అనేవాళ్ళే గానీ వచ్చేవాళ్ళు లేరు.

ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. గుండ్రంగా తిరిగే ఎత్తైన ఇటుక గోడ. ఆ గోడని చుట్టుకుంటూ ఒక రోడ్డు. రోడ్డు పక్కన వరసగా చెట్లు. వేసవిలో అయితే జనం అక్కడ నీడకి ఆగుతారు కూడా. కానీ ఆకులు రాలే రోజులొచ్చాయంటే… సాయంత్రం అయిదున్నరకే చీకటి. చెట్లన్నీ ఒట్టి కొమ్మలు. కింద చీలమండలు మునిగేంత ఆకులు. గాలి లేకపోయినా అవి గలగలమంటూనే ఉంటాయి.

"చైను చప్పుడు వినపడుతుంది… సైకిల్ మాత్రం కనపడదు," అంటాడు పోస్ట్‌మాన్.

"తెల్లగా ఒకటి వెళ్తుంది… దాని కాళ్ళు నేలకి ఆనవు," అంటాడు బేకరీ ఆయన.

"అవేం కాదు… ఆడమనిషి నవ్వు. నా రెండు చెవులతో విన్నాను," అంటుంది స్కూల్లో లైబ్రరీ చూసుకునే ఆవిడ.

ఎవరి దెయ్యం వాళ్ళది. ఈ గోల ఎప్పట్నుంచో ఉన్నదే గానీ, ఆ ఏడు ఆకురాలు కాలం చివర్లో, ఓ మూడు వారాల పాటు మరీ ముదిరిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది ఆ ఊరి పళ్ళ డాక్టరుకి జరిగింది. ఆవిడ దగ్గర పన్ను పీకించుకున్న ప్రతివాళ్ళకీ ఈ కథ వచ్చు. నోరు తెరుచుకుని కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడికి వినడం తప్ప వేరే దారేముంది? మధ్యలో "అబద్ధం" అందామన్నా నోటి నిండా దూది.

ఈ డాక్టరమ్మకి రెండే రెండు పిచ్చులు. ఒకటి, ఎదుటివాళ్ళని ఏడిపించడం. రెండోది సైకిల్.

చలి మొదలవుతుందనగా, ప్రతి ఆదివారం పొద్దున్న ఓ పదిపన్నెండు మందిని వెంటేసుకుని చెరువు దాకా తీసుకెళ్ళేది. పోటీ లేదు, పందెం లేదు. ఊరికే తొక్కడం. టైర్ల కింద ఎండుటాకులు పటపటమంటుంటే, ఏటవాలు ఎండ కొమ్మల్లోంచి మొహాన పడుతుంటే, ముక్కులు ఎర్రగా చేసుకుని, ఎవరి సీటు కిర్రుమంటోందో పట్టుకుని వాళ్ళని ఆట పట్టిస్తూ వెళ్ళడం. చెరువు గట్టు మీద ఫ్లాస్కులో టీ. వేళ్ళు కొంకర్లు పోతుంటే కప్పు రెండు చేతులతో పట్టుకోవడం. అంతే. అంత మాత్రానికే వారమంతా వాళ్ళ మొహాలు వెలిగిపోతుండేవి.

అసలు ఈ రైడ్లు మొదలుపెట్టింది ఆవిడ కాదు. ఆవిడ అన్నయ్య.

అన్నయ్యది వాచీలు బాగుచేసే పని. చెల్లెలికి సైకిల్ నేర్పిందీ, ఆకులు రాలే రోజుల్లో తొక్కితే ఉండే సుఖం చూపించిందీ ఆయనే. అలాంటి మనిషికి ఆ ఏడు మొదట్లో రెండు కళ్ళకీ మసక కమ్మింది. చెయ్యెత్తితే చెయ్యి ఉందని తెలుస్తుంది, వేళ్ళు తెలియవు. ఇక ఇంతే, చూపు తిరిగి రాదు అని చెప్పేశారు. కొట్టు మూసేశాడు. సైకిల్ కొక్కేనికెక్కింది.

ఆదివారం పొద్దున్నే స్వెట్టరు వేసుకుని బాల్కనీలో నిలబడేవాడు. కింద బెల్లులు మోగుతుంటే లెక్కపెట్టేవాడు. "ఇవాళ పదకొండు మందే వెళ్ళారు… బేకరీ వాడు రాలేదు," అనేవాడు. 

సరిగ్గా ఆ ఏటి ఆఖరి రైడుకి వారం ముందు అన్నయ్య అడగనే అడిగాడు.

"ఒసేయ్, ఆఖరి ఆదివారం నేనూ వస్తానే. నువ్వు ఊఁ అను చాలు. ఎలా అన్నది నేను చూసుకుంటాను."

"కార్లో తీసుకెళ్తాను అన్నయ్యా."

"కార్లో గాలి మొహానికి కొట్టదే."

"శుక్రవారం చెప్తాను," అని తప్పించుకుంది.

చెప్పడానికేముంది? వద్దనే చెప్పాలి. రాత్రీ పగలూ ఆలోచించింది. రెండు సీట్ల సైకిల్ మీద ఎవరి వెనకైనా కూర్చోబెడదామంటే — తను గుంపుకి ముందుండాలి, మలుపు మలుపుకీ దిగి మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి. మిగతావాళ్ళకి అంత ధైర్యం లేదు. ఇక మిగిలింది వదిన.

వదిన! ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి నవ్వాగదు. వదినకి సైకిల్ రాదు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ఎక్కి, మూడు గజాలు వెళ్ళి, పక్కింటివాళ్ళ పూలకుండీల్లో పడింది. ఆ పడటం ఉంది చూశారూ — అది ఇరవై అయిదేళ్ళుగా ఏ నలుగురు చేరినా పళ్ళ డాక్టరు అభినయంతో సహా చూపించే ఐటం. అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. వదినా నవ్వేది. నవ్వి, కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

సరే, శుక్రవారం వచ్చింది.

చెరువుకి వెళ్ళే పెద్ద రోడ్డు పైపుల కోసం తవ్వేశారు. ఇక ఆదివారం వెళ్ళాలంటే ఐసు ఫ్యాక్టరీ రోడ్డే గతి. ఆ కబురు తెలియగానే సగం మందికి మోకాళ్ళు పట్టేశాయి.

"సిగ్గు లేదూ మీకు? నేను ఒక్కదాన్నీ వెళ్ళి చూసొస్తాను. తడి ఆకులు ఎక్కడున్నాయో, గుంటలెక్కడున్నాయో చూడాలి కూడా. దెయ్యం కనిపిస్తే దానికీ పళ్ళు చూసొస్తాను," అంది డాక్టరమ్మ.

ఆఖరి పేషెంటుని పంపించి, హెల్మెట్ పెట్టుకుని బయల్దేరేసరికి అయిదూ నలభై. అటునుంచి అటే అన్నయ్య ఇంటికి వెళ్ళి, ఆ "వద్దు" అన్న ముక్క చెప్పేసి రావాలి. దారంతా ఆ ముక్కే నమిలింది. "అన్నయ్యా, నీ మంచి కోరే…" కాదు. "అన్నయ్యా, వచ్చే ఏడు…" అది అంతకన్నా అబద్ధం. నిజం చెప్పాలంటే దెయ్యం కన్నా ఆ ఇంటి కాలింగ్ బెల్లే ఎక్కువ భయపెడుతోంది ఆవిణ్ణి.

ఊరి వైపు నుంచి ఐసు ఫ్యాక్టరీ రోడ్డులోకి తిరిగింది.

చీకటి. మంచు. గోడ మీంచి చల్లగా ఒక వాసన… తడి ఇటుకల వాసన.

"ఏముందిక్కడ, ఏమీ లేదు," అంది పైకే. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

ఫ్యాక్టరీ గేటు అటు చివర ఉంది. సగం దూరం వెళ్ళిందో లేదో — ముందు చక్రం దభేల్మని దిగబడింది. హ్యాండిల్ గుండెకి తగిలింది. ఎలాగో కిందపడకుండా కాలు ఆన్చింది గానీ, ఆ కుదుపుకి లైటు టప్పున ఆరిపోయింది.

గుంట. మూరెడు లోతుంటుంది. ఆకులు దాని మీద పరుపులా పరుచుకుని ఉన్నాయి. పట్టపగలు కూడా కనపడదు. ముందు రోజు వానకి నేల కుంగినట్టుంది, అంచుల్లో మట్టి ఇంకా కొత్తగానే ఉంది.

సైకిల్ బయటికి లాక్కుని, ఓ నాలుగడుగులు వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని లైటుని తట్టింది. వెలగలేదు. ఇంకోసారి తట్టింది.

అప్పుడు వినపడింది…

ఈల.

గేటు వైపు నుంచి. సన్నగా, తాపీగా. ఎవరో తీరుబడిగా కూర్చుని వేస్తున్నట్టు. ఇరవై ఏళ్ళ క్రితం మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర… ఈ చీకట్లో… ఎవరు?

డాక్టరమ్మ చెయ్యి లైటు మీదే ఆగిపోయింది.

ఈల ఆగింది.

ఆకుల గలగల. ఆ గలగల్లోంచి — కిర్రు… కిర్రు… కిర్రు…

చైను చప్పుడు.

మలుపు తిరిగి ఓ మిణుకుమిణుకు దీపం వచ్చింది. ఎవరో సైకిల్ మీద వస్తున్నారన్నమాట. హమ్మయ్య అనుకుంది. "ఎవరండీ, ఇక్కడ గుంట ఉంది చూసుకోండి" అని అరవబోయి నోరు తెరిచింది…

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ముందు తెల్లగా ఒక ఆకారం. మెడ నుంచి మోకాళ్ళ దాకా తెలుపు. తలకి తెలుపు, నోటికి అడ్డంగా తెలుపు. మొహం ఉండాల్సిన చోట ఓ చిన్న చీకటి సందు. కాళ్ళు నేలకి ఆనడంలేదు. దాని వెనక — సైకిల్ అయిపోవాల్సిన చోట అయిపోలేదు. ఇంకా ఉంది. ఇంకో హ్యాండిల్, ఇంకో సీటు.

సీటు ఖాళీ.

ఖాళీ సీటు కింద పెడళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. గుండ్రంగా, నిదానంగా… కనపడని కాళ్ళేవో తొక్కుతున్నట్టు.

పళ్ళ డాక్టరు పైప్రాణాలు పైనే పోయాయి. గోడకి బల్లిలా అతుక్కుపోయింది.

ఆ తెల్లటిది మాట్లాడుతోంది. వెనక్కి తిరక్కుండా, ఆయాసపడుతూ, ఆ ఖాళీ సీటుతో…

"చలేస్తోందా?… ఇంకొంచెమే… ఇవాళ బాగా తొక్కుతున్నారు సుమండీ, నాకసలు బరువే తెలియట్లేదు…"

మాట మాటకీ మధ్య ఆగుతోంది. జవాబు వింటున్నట్టు. విని నవ్వుతోంది కూడా. అదే నవ్వు… లైబ్రరీ ఆవిడ చెప్పిన నవ్వు.

గుంట దగ్గరికొచ్చేసింది. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది.

"ఏంటీ?" అంది ఆ ఆకారం, తల కాస్త పక్కకి వంచి.

ఒక్క క్షణం.

"ఆఁ… సరే," అంది.

హ్యాండిల్ జానెడు పక్కకి తిరిగింది. ఆకుల కింద, దేవుడికి కూడా కనపడని ఆ గుంట అంచు పక్కనుంచి రెండు చక్రాలూ చక్కగా సాగిపోయాయి.

ఆ తర్వాత, సరిగ్గా డాక్టరమ్మ ముందు నుంచి, రెండు బారల దూరంలో వెళ్తూ…

"ఆదివారం రానివ్వండి… ఆ పళ్ళ డాక్టరు నోరు మూయిస్తాను."

కిర్రు… కిర్రు… కిర్రు…

వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి. పళ్ళ డాక్టరు అంది! పేరు పెట్టి పిలిచినంత పని చేసింది! ఊళ్ళో పళ్ళ డాక్టరు తనొక్కతే కదా! ఆవిడ బుర్రలో ఇరవై ఏళ్ళ పేషెంట్లు వరస కట్టారు. ఎవరిది? ఎవరి పన్ను? ఆర్నెల్ల క్రితం పోయిన పెన్షనరు ముసలావిడ… ఆవిడకి పై దవడలో నొప్పంటే కింద దవడలో పీకింది, నిజమే. కానీ క్షమాపణ చెప్పింది! ఫీజు కూడా తీసుకోలేదు! దానికి ఇంత దూరం రావాలా?

అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. వెనక్కి వెళ్తే అది వెళ్ళింది అటే. ఇక ముందుకే. సైకిలెక్కి, గుంట తప్పించి, లైటు లేకుండా, ఆ చీకట్లో తొక్కింది చూడండి — జీవితంలో అంత వేగం ఎప్పుడూ తొక్కలేదు.

ముందు గేటు. గేటు దగ్గర ఈల ఉందన్న సంగతి గేటు దగ్గరికొచ్చాక గానీ గుర్తురాలేదు.

గేటు మెట్ల మీంచి ఒక నీడ లేచింది. రెండు చేతులూ ముందుకి చాపింది.

"ఎంతసేపే… వచ్చావా?" అంది. ఆ చేతులు గాల్లో తడుముతూ వచ్చి ఆవిడ హెల్మెట్ మీద పడ్డాయి.

డాక్టరమ్మ కేక పెట్టింది. ఆ కేకకి గోడ మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ఆ నీడ మాత్రం కదల్లేదు. తల ఓ పక్కకి వంచి, శ్రద్ధగా, మొత్తం కేక అయ్యేదాకా విన్నది.

"ఇది మా చెల్లెలి అరుపే," అంది. "చిన్నప్పుడు బొద్దింకని చూసినా ఇదే అరుపు. నువ్వేం చేస్తున్నావే ఇక్కడ?"

"అ… అన్నయ్యా?"

"కాదు, ఐసు ఫ్యాక్టరీ ఓనర్ని. కూర్చో, వణుకుతున్నావు."

డాక్టరమ్మ మెట్ల మీద కూలబడింది. అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెచ్చగానే ఉంది. "అన్నయ్యా… పద, ముందిక్కణ్ణించి పద. అక్కడ… తెల్లగా… రెండు సీట్ల సైకిల్… వెనక ఎవరూ లేరు, పెడళ్ళు మాత్రం…"

 అన్నయ్య భుజాలు కదలడం మొదలయ్యాయి. ఆ తర్వాత నవ్వాపుకోలేక మెట్టు మీద చరిచాడు.

"ఏమే, నీకు సైకిల్ నేర్పింది నేనేనా? జంట సైకిల్‌కి పెడళ్ళు ఒకదానికొకటి గొలుసుతో కట్టి ఉంటాయే! ముందువాళ్ళు తొక్కితే వెనకవీ తిరుగుతాయి. అందులో మనిషున్నా లేకపోయినా!"

నిజమే. ఈ సంగతి ఆవిడకి తెలుసు. చెరువు దగ్గర అద్దెకిచ్చే జంట సైకిళ్ళని ఎన్నిసార్లు చూడలేదు? చలికాలం వస్తే మెకానిక్ వాటన్నిటినీ ఈ ఫ్యాక్టరీ షెడ్డులోనే కదా పెట్టేది? అన్నీ తెలుసు. భయం వేసినప్పుడు తెలిసినవేవీ దగ్గరుండవు, అదీ చిక్కు.

"మరి… ఆ తెల్లటిది?"

కిర్రు… కిర్రు… కిర్రు…

అటు మలుపులోంచి దీపం వచ్చింది. తెల్లటి ఆకారం గేటు ముందుకొచ్చి, బ్రేకు వేసి, కాలు నేలకి ఆన్చింది. నోటికి చుట్టుకున్న తువ్వాలు కిందకి లాక్కుంది.

"చూశారా, ఎక్కడా ఆగలేదు! ఒక్క రౌండు, ఒక్కసారి కూడా కాలు—"

వదిన.

తను పనిచేసే లాండ్రీ నుంచి ఆ తెల్లకోటుతోనే వచ్చేసిన వదిన. చలికి తలకీ మూతికీ లాండ్రీ తువ్వాలు చుట్టుకున్న వదిన. ఆవిడ మెట్ల వైపు చూసింది. మొగుడు మెట్ల మీద ఉన్నాడు. పక్కన ఆడపడుచు ఉంది. మళ్ళీ మొగుణ్ణి చూసింది. మెల్లగా… చాలా మెల్లగా… వెనక సీటు వైపు తల తిప్పింది.

ఈసారి కేక వదినది. లేచిన పావురాలు ఇక ఆ రాత్రికి దిగలేదు.

"మీరిక్కడున్నారేంటి! మీరెప్పుడు దిగారు?"

"ఎక్కితే కదా దిగడానికి! మఫ్లరు పడింది, ఆగవోయ్ అంటున్నాను. వంగి లేచేసరికి నువ్వు లేవు. నడిచి వద్దామంటే కళ్ళు కనపడవు. సరే, గుండ్రంగా ఉన్న రోడ్డు, ఎటు పోయినా ఇక్కడికే వస్తావని కూర్చుని ఈల వేసుకుంటున్నాను."

ముగ్గురూ ఒకళ్ళ వైపు ఒకళ్ళు తిరిగారు. ముందు అన్నయ్య నవ్వాడు. తర్వాత వదిన. పళ్ళ డాక్టరు నవ్వబోయింది గానీ, మధ్యలో ఏదో తట్టి ఆగిపోయింది.

"వదినా… నువ్వు సైకిల్ తొక్కుతున్నావు."

"మూడు వారాల నుంచి," అంది వదిన, హ్యాండిల్ వదలకుండానే. "లాండ్రీ మూశాక రోజూ. మెకానిక్ షెడ్డు తాళం ఇచ్చాడు. మొదటి వారం ఒక్కదాన్నే. తర్వాత ఆయన్ని ఎక్కించుకుని. ఆదివారం నీ ముందుకి తీసుకొచ్చి నిలబెడదామనుకున్నాం."

"ఇక్కడా? ఈ దెయ్యాల రోడ్డులోనా? మన వీధిలో నేర్చుకోవచ్చుగా. నన్నడిగితే నేను నేర్పనా?"

 వదిన తువ్వాలు కొసతో మొహం తుడుచుకుంది.

"నీ నవ్వుకి భయపడే ఇక్కడికొచ్చాను. దెయ్యాలైతే నవ్వవు కదా," అంది. "ఇక్కడ తొమ్మిదిసార్లు పడ్డాను తెలుసా? ఒక్కళ్ళు కూడా నలుగురిలో యాక్టింగు చేసి చూపించలేదు."

పళ్ళ డాక్టరుకి చెంప మీద కొట్టినట్టైంది. ఇరవై అయిదేళ్ళ పూలకుండీలు కళ్ళ ముందు తిరిగాయి. కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళే వదిన వీపు కూడా. ఎదుటివాళ్ళ నోట్లోకి తొంగి చూడటమే పనైన మనిషికి తన నోరెంత పెద్దదో ఆ రోజు తెలిసింది.

"తప్పయింది వదినా," అంది. "నిజంగా తప్పయింది. ఇక ఆ ఐటం చెయ్యను."

"చెయ్యి, ఫర్వాలేదు," అంది వదిన. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కాకపోతే చివర్లో ఇది కూడా కలుపు. గేటు దగ్గర నువ్వు పెట్టిన కేక రోడ్డు అటు చివరికి వినపడింది."

"అవన్నీ తర్వాత," అన్నాడు అన్నయ్య. ఆయన గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు. "ఇవాళ శుక్రవారం. చెప్తానన్నావు. చెప్పు… వస్తున్నానా, లేదా?"

ఆయన మొహం చెల్లెలి వైపే తిప్పి ఉంది, కాస్త పక్కకి. మఫ్లరు చేతిలో నలిగిపోతోంది. దారంతా నమిలిన "వద్దు" అన్న ముక్క డాక్టరమ్మ నోట్లోంచి ఎప్పుడు పోయిందో పోయింది. ఇక ఊఁ అనడమే తరువాయి. కానీ గుంపుని నడిపే మనిషి కదా… ఒక్క మాట అడిగి అందామనుకుంది.

"వదిన బాగా తొక్కుతోంది అన్నయ్యా, నేను చూశాను. ఆ చీకట్లో, ఆకుల కింద ఉన్న గుంటని ఎంత నున్నగా తప్పించిందనుకున్నావు! నేనైతే అందులో పడ్డాను. వదినా, నీకు ఆ గుంట ముందే తెలుసా?"

"నాకెక్కడ తెలుసు? నిన్నటిదాకా అక్కడ గుంటే లేదు. మీ అన్నయ్యే కదా చెప్పారు."

"నేనా?" అన్నాడు అన్నయ్య.

"మీరే. 'కుడికి తిప్పు, ఎడమ పక్క గుంట' అన్నారుగా. 'ఏంటీ' అంటే మళ్ళీ చెప్పారు. అందుకేగా తిప్పాను…"

వదిన గొంతు చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది.



"ఏమోయ్," అన్నాడు అన్నయ్య, చాలా నెమ్మదిగా. "నేను ఈ మెట్ల మీదే ఉన్నాను. అక్కడున్నా కూడా… నాకు గుంట ఎలా కనపడుతుంది?"

వదిన చేతులు మెల్లగా హ్యాండిల్ మీంచి జారాయి. సైకిల్ ఆవిడ నడుముకి ఆనుకుని అలాగే నిలబడింది. ముగ్గురూ దాని వెనక సీటు వైపు చూశారు. చూపు లేని ఆయన కూడా అటే చూశాడు. అందరికన్నా ఎక్కువసేపు చూశాడు.

సీటు ఖాళీగానే ఉంది. ఆకులు గలగలమన్నాయి. గాలి లేదు.

"చలేస్తోందా అంటే… ఊఁ అన్నారు," గొణిగింది వదిన. "మీరే అనుకున్నాను…"

పళ్ళ డాక్టరు హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అన్నయ్య వైపు తిరిగింది. 

"అన్నయ్యా. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి. వస్తున్నావు. అందరికన్నా ముందొచ్చి నీ సీట్లో నువ్వు కూర్చో. ఒక్కసారి ఎక్కాక మాత్రం… మఫ్లరు కాదు, నోట్లో పళ్ళు రాలి పడ్డా సరే, దిగకు. దిగావో… ఆ సీటుకి వేరేవాళ్ళు కాచుక్కూర్చున్నారు."